మంచమంత గ్రీన్ కార్డు

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ విమానాశ్రయం రెండో టెర్మినల్‌లో దిగినవాళ్లకు సామాను ఎక్కడ వస్తుందా అన్నదే ధ్యాస. నేను మాత్రం అక్కడి గాజు గోడ దగ్గర ఆగిపోయాను. పొడవు 160 అడుగులు. దాని మీద బారులు తీరి ఎగిరే 80 ఎర్రతల కొంగలు. 2006లో దీన్ని చేసిన చిత్రకారిణి హంగ్ లియూ 1948లో చైనాలోని చాంగ్‌చున్‌లో పుట్టారు. సాంస్కృతిక విప్లవ కాలంలో పల్లెకు పంపితే పొలం పనులు చేశారు. పాస్‌పోర్టు కోసం ఏళ్లు ఎదురుచూసి 1984లో అమెరికా వచ్చారు, 2021లో ఓక్లాండ్‌లోనే కన్నుమూశారు.

కొంగలు బాగున్నాయి. కానీ నాకు మరీ మర్యాదగా అనిపించాయి. విమానాశ్రయం కదా, ఎవరినీ నొప్పించకూడదు మరి! ఆవిడ అసలు పొగరు శాన్ హోసే మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో చూశాను.

అక్కడిది 1988 నాటి ‘రెసిడెంట్ ఏలియన్’, అంటే ఇక్కడ నివాసముంటున్న పరదేశి. తన గ్రీన్ కార్డునే మంచమంత చేసి రంగుల్లో వేసుకున్నారు. ఫొటో, వేలిముద్ర, అంకెలు అన్నీ ఉన్నాయి. పేరు దగ్గర మాత్రం ‘ఫార్చ్యూన్ కుకీ’. అమెరికాలోని చైనా హోటళ్లలో బిల్లుతో పాటు ఇచ్చే, లోపల జోస్యం చీటీ ఉండే బిస్కెట్టు అది. చైనాలో దాన్ని ఎవరూ తినరు, కాలిఫోర్నియాకు తెచ్చింది జపాన్ వలసదారులంటారు. పుట్టిన సంవత్సరం దగ్గర 1984 అని రాశారు. అంటే విమానం దిగిన ఏడే పుట్టిన ఏడు. అంతకు ముందు బతికిన ముప్పై ఆరేళ్లు ఆ కార్డుకు అక్కర్లేదన్నమాట.

మా పిన్ని కొడుకు ఫ్రీమాంట్‌లో ఉంటాడు. గ్రీన్ కార్డు వరసలో ఏళ్లుగా నిలబడ్డవాళ్లలో వాడూ ఒకడు. బొమ్మను ఎగాదిగా చూసి, “అక్కా, నాకు ఏ పేరుతో ఇచ్చినా తీసుకుంటాను” అన్నాడు. అక్కడ ఏ తెలుగువారింటికి భోజనానికి వెళ్లినా పప్పు వడ్డించే లోపే ఈ కార్డు మాట వస్తుంది.

మర్నాడు టిబురాన్ నుంచి పడవలో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఏంజెల్ ఐలాండ్ వెళ్లాం. గాలికి చెవులు గడ్డకట్టాయి. అయాలా కోవ్‌లో దిగి ఎక్కుడు దారిన నడిస్తే కొండకు అవతలి వైపున, 1910 నుంచి 1940 దాకా వలసదారులను నిర్బంధించిన బారకాసులు వస్తాయి. చైనా కూలీల రాకను నిషేధిస్తూ 1882లో వచ్చిన చట్టం 1943 దాకా నడిచింది. 1906 భూకంపం, మంటల్లో శాన్ ఫ్రాన్సిస్కోలో జనన రికార్డులు కాలిపోవడంతో చాలామంది చైనావాళ్లు ఇక్కడే పుట్టిన పౌరులమని చెప్పుకున్నారు. వాళ్ల కొడుకులమని పేర్లు కొనుక్కుని ఇంకా ఎందరో వచ్చారు. ‘కాగితపు కొడుకులు’ అన్నారు వాళ్లను. కొన్న పేరుతోనే ఇక్కడ బతికి, ఆ పేరుతోనే పోయినవాళ్లున్నారు. హంగ్ లియూ తన కార్డు మీద దొంగ పేరు ఎందుకు రాశారో నాకు ఇక్కడ తట్టింది. నవ్వించడానికి మాత్రమే కాదు.

చెక్క గోడల నిండా చైనా లిపిలో చెక్కిన కవితలు. అధికారులు లప్పం పెట్టి రంగు పూయించారు. అయినా ఏటవాలుగా వెలుగు పడేచోట అక్షరాల అంచులు తేలి కనిపిస్తాయి. 1970లో ఒక పార్కు ఉద్యోగి వీటి విలువ గుర్తించి ఉండకపోతే ఆ భవనాన్ని కూల్చేసేవారు.

నిజం కొడుకో, కాగితపు కొడుకో తేల్చడానికి అడిగిన ప్రశ్నలు విచిత్రమైనవి. మీ ఇంటికి మెట్లెన్ని? మీ వీధిలో ఇళ్లెన్ని? బియ్యం ఎక్కడ పెడతారు? జవాబు తండ్రి చెప్పినదానితో సరిపోకపోతే నెలల తరబడి నిర్బంధం, లేదా తిరుగు ఓడ. “మన తెనాలి ఇంటికి ఎన్ని మెట్లురా?” అని తమ్ముణ్ణి అడిగాను. నాలుగన్నాడు. నా లెక్కకు అయిదు. ఆ సాయంత్రం ఫోనులో పిన్నిని అడిగితే, “రోడ్డు ఎత్తు పెంచారు కదే, ఇప్పుడు రెండే” అంది.