648 నుంచి 784: నన్ను ముంచిందీ తేల్చిందీ ఒకే ల్యాబ్

మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ 2016 (ఆఫీసుల ఈమెయిల్ నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్) మీద పెట్టిన 70-345 పరీక్షను, అది ఆగిపోకముందే, రెండోసారికి పాసయ్యాను. స్కోరు 784. చివరి బటన్ నొక్కాక స్క్రీన్ మీద అంకె కనపడేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. మొదటిసారి ఇలాగే కూర్చుంటే 648 వచ్చి ఫెయిలయ్యాను మరి. 2020 జూన్ 30తో ఆగిపోవాల్సిన పరీక్షను 2021 జనవరి 31 దాకా పొడిగించారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నాకు రెండో ఛాన్సే లేదు.

సిలబస్ మళ్ళీ వల్లించను. నేను బోల్తా పడ్డ చోటు చెప్తాను.

మూడేళ్ళుగా ఎక్స్ఛేంజ్ సర్వర్లు చూస్తున్నాను. క్యూలు, సర్టిఫికెట్లు, మెయిల్‌బాక్స్ మూవ్‌లు అన్నీ చేతికి అలవాటే. డాగ్ (డీఏజీ: మెయిల్ డేటాబేస్ కాపీలను కొన్ని సర్వర్లలో ఉంచి, ఒకటి పోతే ఇంకొకటి అందుకునే ఏర్పాటు) కూడా వచ్చనే ధీమాతో ఇంట్లో ఒక ల్యాబ్ పెట్టాను. రెండు సైట్లు, సైటుకి రెండేసి మెయిల్‌బాక్స్ సర్వర్లు, విట్‌నెస్ సర్వర్ (మెయిల్ ఉంచదు, ఓటు మాత్రమే వేస్తుంది) మొదటి సైట్లో. ఎక్స్ఛేంజ్ 2016కి కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలంటారు. నేను ఒక్కోదానికి 6తో సరిపెట్టాను, నత్తనడకే అనుకోండి. మొదటి సైట్ పోతే ఏమవుతుందో చూద్దామని అందులో ఒక సర్వర్ షట్‌డౌన్ చేశాను. అది పూర్తిగా ఆగాక రెండోది, ఆ తర్వాత విట్‌నెస్. రెండో సైట్లో డేటాబేస్‌లన్నీ మౌంట్ అయ్యే (వాడకానికి తెరుచుకునే) ఉన్నాయి, మెయిల్ నడుస్తోంది. 'మొదటి సైట్ పోయినా రెండోది దానంతటదే నిలబడుతుంది' అని నోట్స్‌లో రాసుకుని కింద గీత కూడా గీశాను.

ఆ గీత గీసిన వాక్యమే పరీక్షలో నన్ను ముంచింది. ప్రశ్నలు బయటపెట్టకూడదని ఒప్పుకునే రాస్తాం కాబట్టి అవి చెప్పను. స్కోర్ రిపోర్టులో మాత్రం హై అవైలబిలిటీ (ఏదైనా సర్వర్ పోయినా సేవ ఆగకుండా చూడడం) విభాగం గీత అన్నిటికన్నా పొట్టిగా ఉంది.

వారం రోజులు పుస్తకం ముట్టలేదు. తర్వాత అదే ల్యాబ్ మళ్ళీ తెరిచి, ఈసారి మొదటి సైట్లోని మూడు మెషీన్లనూ కలిపి సెలెక్ట్ చేసి, కరెంటు పోయినట్టు ఒకేసారి టర్నాఫ్ కొట్టాను. కాసేపటికే రెండో సైట్లో డేటాబేస్‌లన్నీ డిస్‌మౌంట్. సర్వర్లు ఆన్‌లోనే ఉన్నాయి, కాపీలు బాగానే ఉన్నాయి, మెయిల్ మాత్రం లేదు. కాగితం మీద లెక్క వేశాను. నాలుగు సర్వర్లు, ఒక విట్‌నెస్, మొత్తం ఐదు ఓట్లు. డేటాబేస్‌లు నడవాలంటే మెజారిటీ ఓట్లు అందుబాటులో ఉండాలి, అంటే మూడు కావాలి, రెండో సైట్లో మిగిలినవి రెండే! మరి మొదటిసారి ఎలా నిలబడింది? ఒక్కొక్కటిగా ఆపాను కాబట్టి. ఒకటి వెళ్ళినప్పుడల్లా విండోస్ డైనమిక్ కోరం ఓట్లను మళ్ళీ సర్దుకుంటూ వచ్చింది. ఒక్కొక్కరే చెప్పి వెళ్తే మిగతావాళ్ళు సర్దుకుంటారు, ముగ్గురూ ఒకేసారి మాయమైతే సర్దుకునే వ్యవధి ఎక్కడిది?

అక్కడి నుంచి అంతా తేలిగ్గా అర్థమైంది. రెండో సైట్ వైపు నుంచి చూస్తే, అవతల సైట్ నిజంగా చచ్చిందో, మధ్యలో లింక్ మాత్రమే తెగిందో తెలిసే దారి లేదు. రెండు సైట్లూ మౌంట్ చేస్తే ఒకే మనిషి మెయిల్ రెండు చోట్ల రెండు రకాలుగా పెరుగుతుంది. అందుకే ఆ నిర్ణయం అడ్మిన్ తీసుకోవాలి. ముందు పోయిన సైట్ మీద స్టాప్ డాగ్ కమాండ్, కాన్ఫిగరేషన్ ఓన్లీ స్విచ్‌తో (ఆ సర్వర్లు ఆగినట్టు రికార్డుల్లో మాత్రమే గుర్తు పెడుతుంది). తర్వాత బతికున్న సర్వర్లలో క్లస్టర్ సర్వీస్ (ఓట్ల లెక్క చూసే విండోస్ సేవ) ఆపాలి. ఆ తర్వాతే, మిగిలిన సర్వర్లతో డాగ్‌ను మళ్ళీ నిలబెట్టే రిస్టోర్ డాగ్. ఈ వరుసను నేను నెల రోజులు బట్టీ పట్టినా మర్చిపోయేవాణ్ణి. చేత్తో ఐదుసార్లు చేశాక మర్చిపోదామన్నా పోవడం లేదు. డాక్ మోడ్ (డీఏసీ: మళ్ళీ ఆన్ అయిన సైట్ అవతలివాళ్ళను అడగకుండా డేటాబేస్‌లు తెరవకుండా ఆపే అమరిక) కూడా అలాగే. లింక్ తెంచేసి పాత సైట్‌ను ఆన్ చేస్తే దానికి మూడు ఓట్లూ ఉన్నాయి, అయినా డేటాబేస్‌లు మౌంట్ చేయలేదు. బిట్ 0 ('ఇప్పుడే మౌంట్ చేయొద్దు' అనే గుర్తు) దగ్గర ఆగి, అవతలివాళ్ళు పలికేదాకా కూర్చుంది. అది కళ్ళారా చూడడం వేరు.

మిగతావి త్వరగా చెప్తా. నేమ్‌స్పేస్ (సర్వర్లను పిలిచే పేర్లు), ఆటోడిస్కవర్ (ఔట్‌లుక్ తన సెట్టింగులు తానే వెతుక్కోవడం): ఔట్‌లుక్ ముందు ఎక్కడ వెతుకుతుందో, ఎస్‌సీపీ (యాక్టివ్ డైరెక్టరీలో సర్వర్ చిరునామా చూపే రికార్డు) దొరక్కపోతే ఎటు వెళ్తుందో ఒకసారి బొమ్మ వేసుకోండి చాలు. ఎక్స్ఛేంజ్ పెట్టేముందు యాక్టివ్ డైరెక్టరీని సిద్ధం చేసే ప్రిపేర్ స్కీమా, ప్రిపేర్ ఏడీ, ప్రిపేర్ డొమైన్ వరుస, దేనికి ఏ గ్రూపు హక్కులు కావాలో చూసుకోండి. చేరిన మెయిల్ కాపీలను కొన్నాళ్ళు దాచే సేఫ్టీ నెట్ డిఫాల్ట్ 2 రోజులు. హైబ్రిడ్ (సొంత సర్వర్లనూ మైక్రోసాఫ్ట్ క్లౌడ్ మెయిల్‌నూ కలిపి నడపడం) నాకూ అంతంతమాత్రమే, అక్కడ మార్కులు పోయాయి.

డంప్స్ (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలూ జవాబులూ) గురించి చాలామంది అడిగారు. మొదటిసారి నేనూ చూశాను, దాచను. జవాబు తెలిసింది, కారణం తెలియలేదు. ప్రశ్నలో ఒక్క సర్వర్ అటు నుంచి ఇటు మార్చగానే చేతులెత్తేశాను. రోజూ గంట ల్యాబ్ చేయలేనివాళ్ళు ఇలాంటి పరీక్షలకు ఫీజు కట్టకపోవడమే మంచిది. కటువుగా ఉందేమో, నా 648 ఇంకా కటువుగా ఉంది.

'మూడేళ్ళ అనుభవం ఉండి ఫెయిలా' అని ఆఫీసులో ఒకరు నవ్వారు. ప్రొడక్షన్ డాగ్‌లో ఒక సైట్‌ను ఆపి చూస్తానంటే ఎవరైనా ఒప్పుకుంటారా? నిక్షేపంగా నడిచే సర్వర్ పక్కన మూడేళ్ళు కూర్చుంటే అది పడిపోతే ఏం చేయాలో రాదు. ఫెయిలైన 24 గంటలకే మళ్ళీ రాయొచ్చు, నేను ఆరు వారాలు ఆగాను. అది భయం అన్నారు. కొంత భయమే, కానీ ల్యాబ్‌లో ఆ ఐదుసార్లూ ఆ ఆరు వారాల్లోనే చేశాను.

ఆ పరీక్షలో కేస్ స్టడీ సెక్షన్ దాటితే వెనక్కి రావడానికి ఉండేది కాదు, టైమ్ చూసుకోవాల్సి వచ్చేది. ర్యామ్ చాలనివాళ్ళు సైటుకి ఒక్క సర్వరే పెట్టుకోండి. అప్పుడు ఓట్లు మూడు, కావాల్సింది రెండు. మొదటి సైట్ సర్వర్‌నీ విట్‌నెస్‌నీ ఒకేసారి టర్నాఫ్ చేయండి. ఒకదాని తర్వాత ఒకటి మాత్రం వద్దు.