హార్ట్‌ఫర్డ్‌లో ఆన్‌సైట్ ఉద్యోగం

అమెరికాలో బీమా కంపెనీలకు పెట్టింది పేరైన హార్ట్‌ఫర్డ్ నగరానికి, ఒక భారతీయ సాఫ్ట్‌వేర్ సేవల సంస్థ తరఫున ఆన్‌సైట్ కోఆర్డినేటర్‌గా వచ్చాను. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసే, పదవీ విరమణకు దగ్గరపడిన ఒక ప్రోగ్రామర్ పక్కన కూర్చుని, పాలసీ మధ్యలో రద్దయితే ప్రీమియంలో ఎంత వెనక్కి ఇవ్వాలో ఏ ప్రోగ్రాం ఏ వరుసలో లెక్కగడుతుందో రాసుకుని, సాయంత్రానికల్లా హైదరాబాద్ బృందానికి పంపడం నా పని. ఆ లెక్కలు ఏ డాక్యుమెంటులోనూ లేవు. ఆయనకు కంఠతా వచ్చు, అంతే.

ఒక పనిని ముక్కలుగా వేర్వేరు దేశాల సంస్థలు పంచుకుని చేసే ప్రపంచ విలువ గొలుసులో మన సంస్థలు చేరింది ఇలాంటి పనులతోనే. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములను 2000 లోపు సరిచేయాల్సి వచ్చినప్పుడు, ఇక్కడ కోబాల్ తెలిసినవాళ్లకు ఏర్పడిన కొరత మనవాళ్లకు కలిసొచ్చింది. విదేశీ నిపుణులకు అమెరికాలో ఉద్యోగం చేసేందుకు ఇచ్చే హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి 65,000 నుంచి 1,15,000కు, 2001–03 ఆర్థిక సంవత్సరాల్లో 1,95,000కు పెరిగి, 2004లో మళ్లీ 65,000కు దిగింది. వై2కే అని పిలిచిన ఆ 2000 సంవత్సరపు గడువు దాటినా పని ఆగలేదు. ఆ ప్రోగ్రాములను విప్పి చూసినవాళ్లలో చాలామందికి వాటి నిర్వహణ కూడా దక్కింది.

అయితే ఆ గొలుసులో మన స్థానం చాలాకాలం కింది మెట్టే. క్లయింటు గంటకు చెల్లించే రేటులో క్లయింటుతో నేరుగా ఒప్పందం ఉన్న ప్రైమ్ వెండర్ వాటా, ఆ కింది వెండర్ వాటా పోగా మిగిలిందే కాంట్రాక్టు మీద వచ్చిన మనిషి చేతికి అందుతుంది. నా పక్క సీటులో టెస్టింగ్ చేసే కుర్రవాడికి తన పేరు మీద క్లయింటుకు ఎంత బిల్లు వెళుతోందో తెలియదు. వీసా పిటిషన్ వేసింది అట్టడుగు వెండరే కాబట్టి, అడిగే ధైర్యమూ చేయలేదు.

ఏ రాష్ట్రంలో ఏ పాలసీ అమ్మాలో, దానికి ఏ నిబంధన పెట్టాలో తేల్చే సమావేశాలకు మమ్మల్ని పిలవడానికి ఏళ్లు పట్టింది. ఆ ప్రోగ్రామర్ రిటైరయ్యాక, రద్దు లెక్క అలా ఎందుకుందో చెప్పగలిగినవాళ్లు మా బృందంలోనే మిగిలారు. అప్పుడు పిలుపు వచ్చింది. నాణ్యతా ధ్రువపత్రాలు కాంట్రాక్టు తెచ్చిపెట్టి ఉండవచ్చు గానీ, ఆ గదిలో కుర్చీ మాత్రం బీమా తెలిసినందుకే దొరికింది.

2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అంతకు ముందునుంచే ఎన్నో అమెరికన్ కంపెనీలు హైదరాబాద్‌లో సొంత కేంద్రాలు తెరుస్తున్నాయి. మా మేనేజర్ దగ్గర అనను గానీ, మా క్లయింటూ అదే దారి పడితే మధ్యలోంచి తప్పుకోవలసింది మా సంస్థే. మా హైదరాబాద్ బృందంలో చాలామంది బ్యాడ్జి మార్చుకుని, క్లయింటు ఉద్యోగులుగా అదే పని చేస్తూ ఉంటారు.