నాణేల లిస్టు చొక్కా జేబులో పట్టేదాకా

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత నాణేలు చూడాలంటే మూడు చేతులు కావాలి. ఒక చేతిలో నాణెం, ఇంకో చేతిలో భూతద్దం. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే మన హైదరాబాద్ టంకశాల, డైమండ్ ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. అది తేలాక, ఆ నాణెం నా దగ్గర ఇప్పటికే ఉందో లేదో చూసుకోవడానికి ఫోన్‌లో నా ఎక్సెల్ లిస్టు తీయాలి. ఎండలో స్క్రీన్ కనపడదు. షీటు పక్కకి జరిపితే సంవత్సరం కాలమ్ మాయం. ఈలోపు అమ్మే ఆయన "తీస్కుంటవా లేదా సార్?" అంటాడు. పోయిన నెల ఒకే రూపాయి రెండోసారి కొన్నాక, లిస్టు కాగితం మీదికి తేవాల్సిందేనని కూర్చున్నాను. 186 నాణేలు, 14 కాలమ్‌లు. ఒక్క సాయంత్రం పని అనుకున్నాను.

మొదటి శనివారం

ఎక్సెల్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని గల్లీ చివర జిరాక్స్ షాపుకి వెళ్లాను. కుర్రాడు ప్రింట్ కొట్టబోయి ఆగాడు. "అన్నా, 42 పేజీలు చూపిస్తుంది. అన్నీ కొట్టాల్నా?" చూస్తే సగానికి పైగా ఖాళీ పేజీలు. ఇంటికొచ్చి కంట్రోల్, ఎండ్ కలిపి నొక్కితే కర్సర్ ఎక్కడో కుడివైపు బీసీ కాలమ్‌లో వాలింది. అక్కడో చుక్క. ఎప్పుడో వేలు తగిలి పడింది. ఎక్సెల్‌కి అదీ సరుకే, అక్కడిదాకా ఉన్న ఖాళీనంతా పేజీలుగా కోసిపెట్టింది. ఆ కాలమ్‌లు సెలెక్ట్ చేసి రైట్ క్లిక్‌లో వచ్చే డిలీట్‌తో తీసేసి, ఫైలు సేవ్ చేశాను. తర్వాత అసలు లిస్టు ఉన్నంతమేర సెలెక్ట్ చేసి ప్రింట్ ఏరియా సెట్ చేశాను. కాగితం సైజు లెటర్ అని ఉంటే ఏ4కి మార్చాను.

ఆదివారం పొద్దున

'ఫిట్ షీట్ ఆన్ వన్ పేజ్' నొక్కాను. స్కేలు 20 శాతానికి పడింది, పేజీ మీద చీమల బారు. దాన్ని తీసేసి వెడల్పు 1 పేజీ, ఎత్తు ఆటోమేటిక్ అని పెడితే 46 శాతం. అంటే 11 పాయింట్ల అక్షరం 5 పాయింట్లు. నాణెం కోసం తెచ్చుకున్న భూతద్దం లిస్టు చదవడానికీ పట్టుకోవాలి.

అప్పుడు వెలిగింది, కుదించడం కాదు, కాలమ్‌లు తగ్గించాలి. 1992 నుంచి 2004 దాకా వచ్చిన స్టీలు రూపాయి ఏదైనా 4.85 గ్రాములే, 25 మిల్లీమీటర్లే. అవే అంకెలు వరసగా అచ్చు వేసుకుని బజారులో ఏం చేసుకుంటాను? బరువు, వ్యాసం, లోహం కాలమ్‌లను హైడ్ చేశాను. దాచినవి ప్రింటులో రావు, షీటులో భద్రంగానే ఉంటాయి. ఎంతకు కొన్నానో రాసుకున్న కాలమ్ కూడా దాచాను. అది అమ్మే ఆయన కంటపడితే బేరం అయిపోయినట్టే. బజారులో అక్కర్లేని ఇంకొన్నీ దాచాక చివరికి మిగిలినవి ఆరు: విలువ, సంవత్సరం, టంకశాల గుర్తు, స్థితి, గమనిక, పెన్సిల్‌తో టిక్ పెట్టుకునే ఖాళీ గడి. గుర్తు కాలమ్‌లో కోల్‌కతా నాణేలకు గడి ఖాళీగా వదిలేసేవాణ్ణి. కాగితం మీద చూస్తే అది కోల్‌కతానో, నేను నింపడం మర్చిపోయానో తెలియలేదు. ఇప్పుడు "లేదు" అని రాస్తున్నాను.

రెండో వారం

ప్రతి పేజీ పైన హెడింగ్ వరస రావాలి. ప్రింట్ ప్రివ్యూ నుంచి పేజ్ సెటప్ తెరిస్తే, దానికోసం ఉన్న గడి బూడిదరంగులో ఉండి నొక్కనివ్వదు. ఒక రాత్రంతా ఫైలే పాడైందనుకున్నాను. పేజ్ లేఅవుట్ ట్యాబ్‌లోకి వెళ్లి, ప్రింట్ టైటిల్స్ నొక్కి తెరిస్తే మామూలుగానే పనిచేస్తుంది. 'రోస్ టు రిపీట్ ఎట్ టాప్' గడిలో ఒకటో వరస ఇచ్చాను, అంతే.

ఒక్కో విలువ కొత్త పేజీలో మొదలవ్వాలని పేజ్ బ్రేకులు పెట్టాను. ఒక్కటీ పనిచేయలేదు. వెడల్పు 1 పేజీ అని పెట్టిన ఆ 'ఫిట్ టు' ఆన్‌లో ఉంటే మనం చేత్తో పెట్టిన బ్రేకులను ఎక్సెల్ లెక్కచేయదట. 'అడ్జస్ట్ టు'కి మారి 85 శాతం ఇచ్చాను. కాలమ్‌లు తగ్గాయి కాబట్టి వెడల్పు సరిపోయింది, బ్రేకులూ నిలిచాయి. మొత్తం 6 పేజీలు, రెండు వైపులా కొడితే 3 కాగితాలు.

తెలుగు తిప్పలు వేరు. గమనికలో "అంచుకు తుప్పు" అని రాసుకున్న నాణెం ప్రింటులో "అంచుకు తుపు" అయింది. కింద ఉన్న పావొత్తును వరస అంచు కోసేసింది. ఎప్పుడో అందంగా ఉంటుందని వరసలన్నీ 15 పాయింట్ల ఎత్తుకి బిగించాను. ఇంగ్లిషుకి అది చాలు, గౌతమి అనే తెలుగు ఫాంటులో ఒత్తులకు చాలదు. స్క్రీన్ మీద కొంచెం కనిపించిందని ఊరుకున్నాను, కాగితం ఊరుకోలేదు. 21 పాయింట్లకు పెంచి, నిలువులో మధ్యకు జరిపాను. "తుప్పు" తిరిగొచ్చింది.

మూడో వారం

కాగితాలకు రంధ్రాలు పంచ్ చేసి అట్ట ఫైలులో పెట్టుకోవాలి. రంధ్రం మధ్యభాగం కాగితం అంచు నుంచి 12 మిల్లీమీటర్లలో పడుతుంది, కాబట్టి ఎడమ మార్జిన్ 2 సెంటీమీటర్లు ఇచ్చాను. వెనక వైపు మాత్రం ఆ రంధ్రం కుడి మార్జిన్‌లో పడి టిక్ గడుల్ని కొరికింది. రెండు పక్కలా 2 ఇచ్చి సరిపెట్టాను.

ఈసారి షాపుకి పీడీఎఫ్ తీసుకెళ్లాను. అక్కడి కంప్యూటర్‌లో నా ఫాంటు లేకపోయినా గొడవ ఉండదు. మొదటి కాపీలో స్కేలు పెట్టి కొలిస్తే 2 సెంటీమీటర్ల మార్జిన్ రెండుంపావు అయింది. కుర్రాడి ప్రింట్ సెట్టింగు 'ఫిట్' మీద ఉంది. 'యాక్చువల్ సైజ్' పెట్టమన్నాను. "నీ అంత కొలతలు ఎవ్వరూ చూడరన్నా" అన్నాడు.

ఆదివారం ఆ మూడు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకుని అబిడ్స్ వెళ్లాను. లిస్టులో లేని నక్షత్రం రూపాయి దొరికింది. ఇంటికొచ్చి కింద 188వ వరసలో ఎక్కించి మళ్లీ ప్రింట్ తీస్తే అదొక్కటే లేదు. ప్రింట్ ఏరియా 187తో ఆగిపోయింది. మధ్యలో వరస ఇన్సర్ట్ చేస్తే ఏరియా తనే పెరుగుతుంది, అట్టడుగున చేరిస్తే పెరగదు. ఏరియా మళ్లీ సెట్ చేశాను. రాత్రి పదైంది, షాపు మూసేశారు. ఆ ఒక్క వరస పెన్నుతో రాసుకున్నాను.