అంటార్కిటికాలో కయాకింగ్: క్యాబిన్ కంటే ముందు కయాక్ సీటు చూసుకున్నాం

ఓడ వెతకడం మొదలుపెట్టినప్పుడు మా అక్క, నేను క్యాబిన్ల ఫొటోలు, రెస్టారెంట్ల మెనూలు అన్నీ పక్కన పెట్టేసి ట్రావెల్ ఏజెంట్‌ని ఒక్కటే అడిగాం, ఈ ఓడలో కయాక్ సీట్లు ఎన్ని, వాటిని ఎలా ఇస్తారు అని. "కయాకింగ్ ఉందండీ, బ్రోషర్‌లో రాశారు కదా" అన్నాడాయన. ఉండటం వేరు, మనకు దొరకడం వేరు. అంటార్కిటికా వెళ్లే పెద్ద ఖరీదు ఓడల్లో కయాకులు మామూలే, కానీ ఒకసారికి నీళ్లలోకి దిగేది పది నుంచి పదహారు మందే. వాళ్లతో పాటు ఇద్దరు గైడ్లు, వెనకే ఏదైనా జరిగితే లాగడానికి ఒక జోడియాక్ రబ్బరు పడవ. ఓడలో రెండు వందల మంది ఉన్నారంటే లెక్క మీరే వేసుకోండి.

ఆ ఏజెంట్‌ని వదిలేసి నేరుగా ఓడ కంపెనీలకే మెయిల్స్ రాశాం. అప్పుడు తెలిసింది ఇందులో రెండు మూడు పద్ధతులు ఉన్నాయని. మొదటిది పూర్తి ప్రోగ్రాం: క్యాబిన్‌తో పాటే కయాక్ సీటు కూడా కొనుక్కుంటారు, వాతావరణం అనుకూలించిన ప్రతిసారీ ఆ గుంపే వెళ్తుంది, రోజూ అవే ముఖాలు కాబట్టి గైడ్లకు కూడా ఎవరు ఎంతవరకు తెడ్డు వేయగలరో తెలిసిపోతుంది. రెండోది ఓడెక్కాక పేరు రాయించుకుని ఒక్కసారి వెళ్లొచ్చేది, చాలా చోట్ల పేర్లు ఎక్కువైతే లాటరీ తీస్తారు. కొన్ని ఓడల్లో టికెట్లోనే కలిసి ఉంటుంది, కానీ వరస వచ్చినప్పుడే. డబ్బు విషయం ఓడను బట్టి మారుతుంది, కొన్ని వందల డాలర్ల నుంచి పూర్తి ప్రోగ్రాం అయితే వెయ్యి దాటి కూడా పోతుంది. మాకు కయాకింగే ముఖ్యం. అందుకని బాల్కనీ ఉన్న క్యాబిన్ వద్దనుకుని చిన్న కిటికీ క్యాబిన్ తీసుకుని, ఆ మిగిలిన డబ్బు పూర్తి ప్రోగ్రాంలో పెట్టాం. ఇప్పటికీ అదే సరైన పని అంటాను. బాల్కనీలో నిలబడి చూసే మంచు డెక్ మీద నుంచి కూడా కనిపిస్తుంది, నీళ్ల మట్టం నుంచి చూసేది మాత్రం వేరే ఎక్కడా దొరకదు.

ఓడ సైజు కూడా చూడాలి. అంటార్కిటికా టూర్ ఆపరేటర్లు కొందరు కలిసి 1991లో పెట్టుకున్న ఐఏఏటీఓ అనే సంఘం ఉంది, దాని నియమం ప్రకారం ఒక చోట ఒకేసారి నేల మీద వంద మందికి మించి ఉండకూడదు, ఐదు వందల మందికి మించి ప్రయాణికులున్న ఓడ అయితే అసలు ఎవరినీ దించకూడదు. అంటే నాలుగు వందల మంది ఓడలో మీ వంతు కోసం ఎదురుచూడటమే సగం రోజు. రెండు వందల లోపు ఉంటే ఒక గుంపు నేల మీద, ఒక గుంపు జోడియాక్‌లో, కయాక్ వాళ్లు నీళ్ల మీద, ఇలా అందరికీ పని ఉంటుంది. మేం తీసుకున్నది ఆ కోవలోదే.

ఇక నెల. అక్కడ సీజన్ నవంబర్ నుంచి మార్చి వరకు. నవంబర్‌లో మంచు తెల్లగా, తొక్కనిదిగా ఉంటుంది కానీ చాలా చోట్ల సముద్రపు మంచు దారి ఇవ్వదు. డిసెంబర్, జనవరిలో పెంగ్విన్ పిల్లలు, చీకటే పడని రాత్రులు. ఫిబ్రవరి, మార్చిలో హంప్‌బ్యాక్ తిమింగలాలు ఎక్కువ, ద్వీపాల మధ్య సముద్రపు దారులు కాస్త తెరుచుకుంటాయి. అక్కకి తిమింగలాలంటే పిచ్చి, నాకేమో దారులు తెరిచి ఉండటం కావాలి, ఇద్దరికీ ఫిబ్రవరే కుదిరింది. ఇంకొకటి, ప్రయాణం మొత్తం రోజులు కాదు చూడాల్సింది, అంటార్కిటికా ద్వీపకల్పం దగ్గర ఉండే రోజులు. అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషువాయా రేవు నుంచి డ్రేక్ పాసేజ్ అనే సముద్రం దాటడానికే పోను దాదాపు రెండు రోజులు, రాను రెండు రోజులు. పది రోజుల ట్రిప్ అంటే చేతికి మిగిలేది సగమే, అందులో గాలికి పోయేవి కొన్ని. ఒక రెండు రోజులు ఎక్కువున్న ట్రిప్ తీసుకుంటే కయాక్ వాళ్లకి అది చాలా పెద్ద తేడా. చిలీ నుంచి కింగ్ జార్జ్ ద్వీపానికి విమానంలో వెళ్లి అక్కడ ఓడెక్కే పద్ధతి కూడా ఉంది, డ్రేక్ తప్పుతుంది, కానీ వాతావరణం బాగోలేకపోతే విమానం ఎగరదు, అందుకని మేం సముద్రమే ఎంచుకున్నాం.

సీటు ఖాయం అయ్యాక ఒక ఫారం పంపారు. ఇంతకుముందు కయాక్ నడిపారా, ఎక్కడ, బోల్తా పడితే స్కర్ట్ (కయాక్‌లోకి నీళ్లు రాకుండా నడుము చుట్టూ బిగించే కప్పు) లాగేసి బయటికి రావడం వచ్చా, భుజాలకి, నడుముకి ఏమైనా ఆపరేషన్లు అయ్యాయా, ఇలా. ఊరికే అవును అవును అని టిక్ పెట్టేసే ఫారం కాదు ఇది, ప్రాణానికి సంబంధించినది. నేను హైదరాబాద్‌లో ఉంటాను కాబట్టి ఆదివారాలు వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి రిజర్వాయర్‌కి వెళ్లి తెడ్డు వేయడం నేర్చుకున్నాను, వర్షాల తర్వాత నీళ్లు నిండుగా ఉన్నప్పుడు అక్కడ చాలా బాగుంటుంది. అక్క డల్లాస్‌లో, వైట్ రాక్ లేక్‌లో కయాక్ అద్దెకు తీసుకుని నేర్చుకుంది. కానీ ప్రశాంతమైన చెరువులో తిరగడం వచ్చినంత మాత్రాన సరిపోదు. నడుముకి స్కర్ట్ బిగించుకుని తలకిందులై బయటికి రావడం స్విమ్మింగ్ పూల్‌లో కోచ్ పక్కన ఉండగా చేసి చూశాను. మొదటిసారి ముక్కులోకి నీళ్లు పోయి దగ్గు ఆగలేదు, తర్వాత చెయ్యి దానంతట అదే స్కర్ట్ లాగే లూప్ మీదకి వెళ్లడం మొదలైంది. ఆ ఒక్కటి వస్తే భయం సగం తగ్గుతుంది.

ఇన్సూరెన్స్ గురించి గట్టిగా చెప్పాలి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటిలో కయాకింగ్‌ని సాహస క్రీడ అని పక్కన పెట్టేస్తారు, అంటార్కిటికా నుంచి రోగిని తరలించే ఖర్చు కూడా ఉండదు. ఓడ కంపెనీ ఆ తరలింపు కవరేజీ కనీసం ఎంత ఉండాలో ముందే చెబుతుంది. నేను పాలసీ పత్రంలో కయాకింగ్ అనే మాట, అంటార్కిటికా అనే మాట రెండూ కళ్లతో చూసేదాకా డబ్బు కట్టలేదు. ఫోన్‌లో "అన్నీ కవర్ అవుతాయి మేడం" అన్న మాటకి విలువ లేదు, మెయిల్‌లో రాయమనండి.

డ్రేక్‌లో రెండు రోజులూ వాంతులు రాకుండా అవోమిన్ మాత్ర వేసుకుని పడుకున్నవాళ్లు చాలామంది. కానీ కయాక్ వాళ్లకి పని అప్పుడే. బట్టలు, బ్యాగులు, వెల్‌క్రో పట్టీలు అన్నీ వాక్యూమ్‌తో శుభ్రం చేయించుకోవాలి, ఒక్క గడ్డి గింజ కూడా అక్కడికి చేరకూడదు. తర్వాత డ్రైసూట్ కొలతలు, అంటే కయాక్‌లో ఒంటినిండా వేసుకునే, నీళ్లు లోపలికి రాని సూట్. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు: మెడ దగ్గర, మణికట్ల దగ్గర సన్నటి రబ్బరు పట్టీలు చర్మానికి గట్టిగా అతుక్కుంటాయి, నీళ్లని ఆపేది అవే, తల దూర్చేటప్పుడు ఊపిరాడనట్టు ఉంటుంది. వేసుకున్నాక మెడ పట్టీని వేలితో కాస్త తెరిచి గొంతుక్కూర్చుని లోపలి గాలి బయటికి తోసేయాలి, లేకపోతే నీళ్లలో పడినప్పుడు బుడగలా ఉబ్బుతుంది.

అక్క మెడలో నల్లపూసలు చూసి గైడ్ తీసేయమంది. "తీయకుండా కుదరదా?" అని అక్క నా వైపు చూసింది. పూస గుచ్చుకుని పట్టీ చిరిగితే సూట్ అంతా నీళ్లు నిండుతాయని ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. గాజులు, ఉంగరాలు, వాచీ కూడా. అక్క కాసేపు ఆలోచించి, తీసి క్యాబిన్ లాకర్‌లో పెట్టి, "పద" అంది. మన ఆడవాళ్లు ఎవరైనా వెళ్తుంటే ఇది ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి, ఆ హడావిడిలో మనసు కష్టపెట్టుకోవడం ఎందుకు.

డ్రైసూట్ తడవనివ్వదు కానీ వెచ్చగా ఉంచదు. వెచ్చదనం లోపల వేసుకున్నదాని నుంచే రావాలి. ఒంటికి ఆనుకుని మెరినో ఉన్ని, దాని మీద ఫ్లీస్, కాళ్లకి రెండు జతల ఉన్ని సాక్సులు. కాటన్ ఒక్క ముక్క కూడా వద్దు, చెమటకి తడిసిందంటే ఇక ఆరదు. చేతులకి పోగీలు అని తెడ్డుకే తగిలించిన తొడుగులు ఇస్తారు, వాటిలో చెయ్యి దూర్చి తెడ్డు పట్టుకోవాలి, మామూలు గ్లవ్స్ కంటే ఎంతో నయం. అక్కడి నీళ్లు సున్నా డిగ్రీల చుట్టూ ఉంటాయి, ఉప్పు నీళ్లు కాబట్టి మైనస్ 1.8 దాకా గడ్డకట్టవు. అలాంటి నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది, అందుకే బ్రీఫింగ్‌లో పడితే ఈదమని చెప్పరు, లైఫ్ జాకెట్ తేల్చి ఉంచుతుంది, ఊపిరి నిదానంగా తీసుకోండి, కయాక్ వదలకండి అని పదే పదే చెబుతారు. సూట్ వేసుకునే ముందు బాత్రూమ్‌కి వెళ్లి రావడం మర్చిపోవద్దు. నేల మీద ఆ పని నిషేధం, తిండి కూడా నిషేధం.

మొదటి రోజు హాఫ్ మూన్ ద్వీపం దగ్గర అందరం సూట్లు వేసుకుని, చెమటలు పడుతూ నిలబడి ఉంటే కయాకింగ్ రద్దు అన్నారు. గాలి గైడ్లు పెట్టుకున్న హద్దు దాటింది. ఒకాయన చాలా గొడవ పెట్టుకున్నాడు, ఇంత డబ్బు కట్టాం అని. నాకైతే గైడ్ల మీద నమ్మకం ఆ రోజే కుదిరింది. గ్లేసియర్ల మీద నుంచి దిగివచ్చే చల్లగాలి నిమిషాల్లో పెరుగుతుంది, వెళ్లేటప్పుడు అద్దంలా ఉన్న నీళ్లు వచ్చేటప్పుడు ఉండవు. రోజూ రాత్రి చెప్పే ప్లాన్‌ని మేం ఆ తర్వాత ప్లాన్‌గా చూడలేదు, రేపు ఎన్ని గంటలకి సూట్ వేసుకోవాలో చెప్పే మాటగా మాత్రమే చూశాం.

ఎర్రెరా చానల్‌లో, కువర్‌విల్ ద్వీపం దగ్గర దిగాం చివరికి. జోడియాక్ అంచు మీద కూర్చుని, పక్కన ఆనించి పట్టుకున్న కయాక్‌లోకి ముందు కాళ్లు పెట్టి, తర్వాత నడుము జార్చాలి. మాది ఇద్దరు కూర్చునేది, ముందు అక్క, వెనక నేను. వెనక ఉన్నవాళ్ల పాదాల కింద పెడల్స్ ఉంటాయి, చుక్కాని తిప్పేది వాళ్లే, ముందున్నవాళ్లు తెడ్డు లయ పెడతారు. "నేను వేసినప్పుడే వెయ్యవే, తెడ్లు తగులుతున్నాయ్" అని అక్క, "నువ్వు నిదానంగా వెయ్యక్కా" అని నేను, కాసేపటికి కుదిరింది. కుదిరాక మాటలు ఆగిపోయాయి. కువర్‌విల్‌లో జెంటూ పెంగ్విన్ల కాలనీ ఆ ద్వీపకల్పంలో పెద్దవాటిలో ఒకటి, గాలి మా వైపు తిరిగినప్పుడు ఆ వాసన చెప్పనలవి కాదు, ఐదారు పెంగ్విన్లు నీళ్లలోంచి ఎగిరెగిరి మా ముందు నుంచి పోతుంటే ఆ వాసన మర్చిపోయాం. చుట్టూ చిన్న చిన్న మంచు ముక్కలు, వాటిలో వేల ఏళ్ల నాటి గాలి బుడగలు చిటపటమని పగులుతూ ఉంటాయి. కయాక్‌లో తెడ్డు ఆపితే ఆ చప్పుడు చెవి పక్కనే వినిపిస్తుంది, ఇంజిన్ ఉన్న జోడియాక్‌లో ఇది వినడం కష్టం. ఎదురుగా డాంకో ద్వీపం. బెల్జియం వాళ్ల అన్వేషణ నౌక బెల్జికాలో వచ్చి, 1898లో ఆ నౌక ఇక్కడికి దూరంగా సముద్రపు మంచులో చిక్కుకుని ఉన్నప్పుడు చనిపోయిన ఎమిల్ డాంకో పేరు అది. అంత చలిలో వాళ్లు ఒక శీతాకాలమంతా మంచులో చిక్కుకుని ఉన్నారంటే తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది.

పెద్ద మంచుకొండల దగ్గరికి వెళ్లాలని మనకి ఉంటుంది, గైడ్లు వెళ్లనివ్వరు. మంచుకొండ ఎప్పుడు తిరగబడుతుందో తెలియదు, దాని ఎత్తుకి కనీసం రెండు మూడు రెట్ల దూరం ఉండాలి. నెకో హార్బర్‌లో గ్లేసియర్ నుంచి ఒక ముక్క విరిగిపడితే చప్పుడు ముందు, అల తర్వాత వచ్చింది, మేం దూరంగా లోతు నీళ్లలో ఉన్నాం కాబట్టి కయాక్ మెల్లగా పైకి లేచి దిగింది అంతే. పెంగ్విన్లని వేటాడే లెపర్డ్ సీల్ కనిపిస్తే అందరూ కయాకులు దగ్గరికి చేర్చి పట్టుకోవాలి. తిమింగలం వస్తే తెడ్డు ఆపి ఉండాలి, దాని దారికి అడ్డం పోకూడదు. విల్హెల్మినా బేలో రెండు హంప్‌బ్యాక్‌లు మాకు కాస్త దూరంలో ఊపిరి వదిలాయి. అక్క ఏడ్చేసింది, నేనూ ఆపుకోలేదు.

ఒక సంగతి ముందే అనుకుని వెళ్లాలి. కయాక్‌లో ఉన్న సేపు నేల మీద నడిచే సమయం తగ్గిపోతుంది. కొన్ని చోట్ల చివర్లో అరగంట దించారు, కొన్ని చోట్ల అసలు దిగలేదు. ప్యారడైజ్ హార్బర్‌లో అందరూ కొండెక్కి ఫొటోలు తీసుకుంటుంటే మేం నీళ్ల మీదే ఉన్నాం. పెంగ్విన్ల మధ్య నిలబడాలన్నదే మీ కోరిక అయితే పూర్తి ప్రోగ్రాం తీసుకోకండి, ఒక్కసారి వెళ్లొచ్చేది చాలు. అలాగే రద్దయిన వాటికి డబ్బు ఎలా తిరిగి ఇస్తారో బుక్ చేసే ముందే రాతలో అడగండి. మా ఓడలో ఇన్ని సార్లకి తగ్గితే కొంత వెనక్కి ఇస్తామని రాసి ఉంది, మాకు ఆ అవసరం రాలేదు.

ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి చివరగా: అంటార్కిటికాకి వీసా లేదు కానీ అర్జెంటీనా నియమాలు చూసుకోవాలి, అవి మారుతుంటాయి. అర్జెంటీనా, బ్రెజిల్ మన దేశపు ఎల్లో ఫీవర్ జాబితాలో ఉన్నాయి, కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు టీకా కార్డు కావాలి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. శంషాబాద్‌లో దిగాక నన్ను ఆ కార్డు అడిగారు, చూపించి బయటికి వచ్చాను.