పువ్వు కాదు, శుక్లం

గత ఏడాది వేసవిలో కొబ్బరి దింపు తీయడానికి వచ్చిన మనిషి మా సిరిని చూసి, "అమ్మగారూ, కుక్కకి కంట్లో పువ్వేసిందండి, నందివర్ధనం పువ్వు రసం పిండండి, పోద్ది" అన్నాడు. మా కోనసీమలో మనిషికైనా, గేదెకైనా, కుక్కకైనా కంట్లో తెల్లగా ఏది కనిపించినా పువ్వు అనే అంటారు. ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయనీ, వాటిని విడదీసి చూడకపోవడం వల్లనే నాలుగు నెలల కాలాన్నీ, దానితోపాటు సిరి కుడికంటినీ పోగొట్టుకున్నామనీ నాకు ఆలస్యంగా తెలిసింది.

అసలైన పువ్వు కంటి పైపొర మీద, గడియారానికి అద్దంలా ఉండే కార్నియా మీద వస్తుంది. ముల్లు గీరినా, పిల్లి రక్కినా అక్కడ పుండు పడి, మానిన తరువాత తెల్లటి మచ్చ మిగులుతుంది. రెండవది వయసుతో వచ్చే నీలిఛాయ. ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కల్లో కంటిలోపలి కటకం నడిభాగం గట్టిపడి, పొగ కమ్మినట్లు కనిపిస్తుందే కాని చూపు పెద్దగా తగ్గదు. మూడవది శుక్లం, అంటే కటకమే మసకబారి వెలుగును అడ్డుకోవడం. చీకటి పడ్డాక టార్చి వేస్తే కుక్క కంటి వెనుక నుంచి ఆకుపచ్చగానో పసుపుగానో మెరుపు తిరిగి వస్తుంది కదా, నీలిఛాయ ఉన్న కంటిలో ఆ మెరుపు వస్తూనే ఉంటుంది, శుక్లం ముదిరిన కంటిలో మాత్రం తెల్లటి గోడకు తగిలినట్లు ఆగిపోతుంది. ఇది ఇంట్లో అనుమానం తీర్చుకోవడానికే తప్ప వైద్యుడి పరీక్షకు బదులు కాదు.

సిరి తొమ్మిదేళ్ల ఆడ స్పిట్జ్. పామేరియన్ అని చెప్పి మాకు అమ్మారు, అది వేరే కథ. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. కళ్లు తెల్లబడటానికి నెల ముందు నుంచే అది నూతిగట్టు దగ్గర గాబులో మూతి పెట్టి ఎంతసేపైనా నీళ్లు తాగేది, రాత్రిళ్లు సావిడిలోనే మూత్రం పోసేది, తిండి తింటూనే వెన్నెముక తేలేటంతగా చిక్కిపోయింది. రోహిణి కార్తె ఎండలకు దాహం వేస్తోందని అమ్మ, ముసలితనమని నేను సరిపెట్టుకున్నాము. అది మధుమేహం. ఆపరేషన్ కాని ఆడకుక్కల్లో ఎద తరువాత పెరిగే హార్మోను ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది కనుక వాటికి ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ.

చక్కెర జబ్బు కుక్క కంటిని ఇంత త్వరగా కమ్మేయడానికి కారణం కటకంలోనే ఉంది. రక్తంలో పెరిగిన గ్లూకోజు కటకంలోకి చేరినప్పుడు అక్కడి ఎంజైము దాన్ని సార్బిటాల్‌గా మారుస్తుంది. ఆ సార్బిటాల్ బయటికి పోలేక లోపలే పేరుకుని నీటిని లాక్కుంటే, నానేసిన సెనగలాగా కటకం ఉబ్బి, దాని పోగులు చిట్లి తెల్లబడిపోతుంది. మధుమేహం బయటపడిన కుక్కల్లో సుమారు సగానికి ఆరు నెలలలోపు, 80 శాతానికి 16 నెలలలోపు శుక్లాలు వస్తాయి. కాకర్ స్పానియల్, పూడిల్, లాబ్రడార్ వంటి జాతుల్లో వంశపారంపర్యంగా వచ్చే శుక్లాలు చాలావరకు ఇంతకంటే నెమ్మదిగా ముదురుతాయి. కొన్ని వారాలలోనే రెండు కళ్లూ ఒకేసారి తెల్లబడితే ముందుగా చేయించవలసింది రక్తపరీక్ష.

మేము మొదట చూపించిన చోట ఆ పరీక్ష చేయలేదు. శుక్లాన్ని కరిగిస్తాయని చెప్పి చుక్కల మందు ఇచ్చారు, అయిపోయిన కొద్దీ కొత్త సీసాలు కొన్నాము. శుక్లాన్ని కరిగించగలదని రుజువైన చుక్కల మందు ఏదీ లేదు. ఆ మాట ఆ రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. మనుషులకు వాడి మిగిలిన చుక్కలు వేయడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే వాటిలో స్టెరాయిడ్ ఉండి, కార్నియా మీద పుండు కూడా ఉంటే కన్ను చిల్లుపడే స్థితికి వస్తుంది.

వినాయక చవితి నాటికి సిరి కుడికన్ను ఎర్రబడి, నీరు కారుతూ, అది తలను అరుగు అంచుకు రుద్దుకోవడం మొదలుపెట్టింది. ఉబ్బిన కటకం నుంచి ప్రొటీన్లు కారితే శరీరం వాటిని పరాయివిగా భావించి కంటిలో వాపు తెస్తుంది. ఆ వాపును అణచకపోతే కంటిలో ఒత్తిడి పెరగవచ్చు, కంటి వెనుక తెర అయిన రెటీనా ఊడిరావచ్చు. శుక్లం అంటే చూపు తగ్గడమే కదా, కుక్క వాసనతో బతికేస్తుంది అనుకునేవారు గమనించవలసినది ఈ నొప్పినే. కుక్క ఏడవదు, మూల చేరి పడుకుంటుంది.

పట్నంలోని కంటి నిపుణుడు కుడికంటికి అల్ట్రాసౌండ్ తీసి రెటీనా ఊడిపోయిందని, ఎడమకంటి రెటీనా ఇంకా పనిచేస్తోందని చెప్పారు. వెంటనే కోయలేదు. పన్నెండు గంటలకొకసారి ఇన్సులిన్‌తో చక్కెర అదుపులోకి వచ్చాకే, సంక్రాంతి దాటిన తరువాత మత్తు ఇచ్చి, ఎడమకంటికి చిన్న కోతలోంచి ధ్వనితరంగాలతో కటకాన్ని నలిపి పీల్చేసి, కృత్రిమ కటకం అమర్చారు. కుక్కకు వేసేది 41 డయాప్టర్ల కటకమని, మనుషులకు వేసేదానికి అది సుమారు రెట్టింపు శక్తి అని ఆయన చెబితే అమ్మ ఆశ్చర్యపోయింది.

ఆ నడిమి నెలల్లో ఇంట్లో మంచం కూడా కదపలేదు. పెరటి వెనుక పంటకాలువ మెట్లకు వెదురు తడిక కట్టాము, నీళ్ల గిన్నె ఒక్కచోటే ఉంచి దాని ముందు గోనెపట్టా పరిచాము. కాలికి గోనె తగలగానే సిరి ఆగి, తల వంచి, ఒక్క చుక్క ఒలకకుండా తాగేది. తాకే ముందు పేరు పెట్టి పిలవమని ఇంటికి వచ్చేవారందరికీ చెప్పవలసి వచ్చేది.

ఇప్పుడు ఎడమకంటికి చూపు వచ్చింది, చుక్కలు మాత్రం ఇంకా ఆపలేదు. కుడికంట్లో ఒత్తిడి కొలిపించడానికి మూడు నెలలకోసారి పట్నం తీసుకువెళుతున్నాము. ఆ ఒత్తిడి మందులకు లొంగకుండా నొప్పి తిరగబెడితే కన్నే తీసేయడం మేలని డాక్టరుగారు అన్నారు. సరేనంటాను నేను. గుడ్డు లేని కంటితో దాన్ని చూడలేనంటుంది అమ్మ. మా ఇద్దరి మధ్య ఆ సంగతి ఇంకా తేలలేదు.