పేజీ తిప్పేదెవరు?

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని ఆరేళ్లయింది. భుజాలు కదులుతాయి, మణికట్టు పైకి లేస్తుంది, వేళ్లు మాత్రం నా మాట వినవు. "పుస్తకాలకి స్టాండ్ కొనుక్కోవచ్చుగా" అని వచ్చిన ప్రతివాళ్లూ అంటుంటే కొన్నాను. రెండు వైపులా స్ప్రింగు క్లిప్పులున్న రకం. పుస్తకం చక్కగా నిలబడింది. పేజీ చివరికి వచ్చాక తెలిసింది అసలు సంగతి. క్లిప్పు ఎత్తాలి, కాగితం తిప్పాలి, మళ్లీ క్లిప్పు దించాలి. చేతులు పనిచేయనివాళ్ల కోసమంటూ అమ్మిన ఆ వస్తువు వాడాలంటే రెండు గట్టి చేతులు కావాలి!

దాంతో రెండు నిమిషాలకోసారి "చెల్లీ, పేజీ!". పాపం వచ్చేది. తను ఫోన్లో ఉంటే పిలవబుద్ధి కాక, చదివేసిన పేజీనే మళ్లీ మొదటినుంచి చదివేవాణ్ణి.

1588లో రామెల్లి అనే ఇటలీ ఇంజనీరు నీటిచక్రంలా తిరిగే పుస్తకాల యంత్రం బొమ్మ అచ్చువేశాడు. గౌట్‌ అనే కీళ్ల జబ్బుతో కదల్లేనివాళ్లకి బాగా పనికొస్తుందని రాశాడు కూడా. కూర్చున్నచోటికే పుస్తకాలు వస్తాయి, నిజమే. పేజీలు తిప్పడం మాత్రం అందులోనూ లేదు.

నన్ను గట్టెక్కించింది వ్యాసపీఠం. పురాణాలు చదవడానికి పెట్టుకునే, కత్తెరలా విచ్చుకునే పాత చెక్కది. ఆ వాలులో పుస్తకం వెల్లకిలా పడుకుంటుంది కాబట్టి క్లిప్పులతో పనిలేదు. ఇక తిప్పడానికి, అరచేతికి వెల్‌క్రో పట్టీ. దానికున్న చిన్న జేబులో పెన్సిల్ తలకిందులుగా, రబ్బరు ముందుకు వచ్చేలా దూర్చుకుంటాను. రబ్బరుని పేజీ కుడి అంచున ఆనించి, భుజంతో మెల్లగా ఎడమకి లాగితే కాగితం బొజ్జలా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కిందకి పెన్సిల్ పోనిచ్చి అవతలికి తోసేయడమే. మొదట్లో ఒక్క పేజీకి అయిదు నిమిషాలు పట్టింది, రెండు చిరిగాయి కూడా.

కొత్త పుస్తకమైతే మొదటి ముప్పై పేజీలూ తంటానే. ఎడమవైపు బరువు చాలక అట్ట మూసుకుపోతుంది. అటువైపు అట్ట కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టిస్తాను. చివరికొచ్చేసరికి తువ్వాలు కుడివైపుకి మారుతుంది.

ఫోన్లో చదవొచ్చు కదా అంటారు. చదువుతాను, గొంతుతో చెబితే పేజీ మారుతుంది. 2013 నాటి మరకేష్ ఒప్పందమనే అంతర్జాతీయ కాపీరైటు ఒప్పందం చూపులేనివాళ్లతో పాటు, పుస్తకం పట్టుకోలేని నాలాంటివాళ్ల కోసం కూడా అనువైన ప్రతులు తయారుచేసుకునే వీలు కల్పించింది. అయినా కాగితం మీద మోజు పోలేదు, ఏంచేస్తాం.

రెండు పేజీలు అతుక్కుంటే ఊదుతాను. నిన్న ఎంత ఊదినా విడిపోలేదు. పిలిస్తే చెల్లి వచ్చి గోటితో విడదీసింది. వెళ్లకుండా అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టింది.

"తిప్పనా?" అన్నాను.

"ఆగు అన్నయ్యా, ఇంకో పేరా ఉంది."