ఏ ముద్రణ అన్నది ముందే అడగాలి

మా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పఠన జాబితాలు చూసే పని నాది. సెమిస్టరుకు ముందు అధ్యాపకులు సిలబస్‌లు పంపుతారు. పుస్తకం పేరు, రచయిత పేరు ఉంటాయి. ఎన్నో ముద్రణో ఉండదు.

పోయిన ఏడాది ఒక గణాంకశాస్త్ర కోర్సుకు పాత ముద్రణ కాపీలు తెప్పించాను. కొత్త ముద్రణలో అభ్యాసాల వరుస మారిపోయింది. పిల్లలు రెండు వారాలు వేరే లెక్కలు చేశారు. ఆ బాధ నాకు ఇంకా తీరలేదు.

అప్పటినుంచి ప్రతి పుస్తకానికీ దాని గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ అడుగుతున్నాను. మార్పులతో వచ్చే కొత్త ముద్రణకు కొత్త సంఖ్య ఉంటుంది. 2007 నుంచి అందులో 13 అంకెలు. చివరిది మిగతా 12 అంకెల నుంచి లెక్కకట్టి వేసేది. అందుకే ఎక్కడ ఒక్క అంకె తప్పు కొట్టినా కంప్యూటర్ పట్టుకుంటుంది. వ్యాసాలకైతే వాటి శాశ్వత గుర్తింపు సంఖ్య అయిన డీఓఐ తీసుకుంటాను. వ్యాసం వేరే వెబ్ చిరునామాకు మారినా, ప్రచురణకర్త నమోదును సవరిస్తే చాలు, మా లింకు చెడదు.

ఈ సంఖ్యలతోనే ఆన్‌లైన్ పాఠాల వేదిక అయిన మూడుల్‌లోని కోర్సు పేజీలను మా కేటలాగుతో కలిపాం. విద్యార్థి పుస్తకం పేరు నొక్కితే కాపీ అందుబాటులో ఉందో లేదో తెలుస్తుంది.

ఏది తప్పనిసరి, ఏది అదనం అన్నది మాత్రం అధ్యాపకులే చెప్పాలి. 40 పుస్తకాలు రాసి అన్నీ ముఖ్యమే అంటే వేటికి ఎక్కువ కాపీలు కొనాలి? రేపు ఉదయం ఒక ఆచార్యులను కలిసి ఇదే అడగబోతున్నాను.